తలకాయల పేజీ

పోయిన మంగళవారం మా ఊళ్లో జరిగిన ముఖ్యమైన సంఘటన ఏమిటంటే, ఒక నాయకుడు పుట్టాడు. నిజానికి ఆయన పుట్టి నలభై ఏళ్లు దాటిందనుకోండి, ఆ వార్త పేపర్లో మంగళవారం వచ్చింది. జిల్లా పేజీల్లో మా ఊరికి దక్కేదే ఒక్క పేజీ. అందులో ముప్పావు వంతు ఆయనే. మిగతా పావు వంతులో ఆయన పుట్టినరోజు సందర్భంగా ఆసుపత్రిలో రోగులకు బ్రెడ్డు, అరటిపళ్లు పంచిన వార్త, రక్తదాన శిబిరం వార్త, ఆయన పేరు మీద గుళ్లో చేయించిన అర్చన వార్త. అడుగున వేలెడంత జాగా మిగిలితే, అక్కడ కుట్టు మిషన్ శిక్షణకు దరఖాస్తుల ఆహ్వానం.

అప్పటికి రెండు మూడు రోజులుగా మా వీధుల్లో కుళాయి నీళ్లు లేవు. ఎందుకు రావడం లేదో, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలుస్తుందేమోనని పేపరు అటూ ఇటూ తిప్పాను. ఊళ్లో సంగతి కోసం ఊరి పేజీ చూడటం మా తరం వాళ్లకు పట్టిన జబ్బు, మందు లేదు. సంగతి చివరికి మైకు కట్టిన ఆటో చెప్పింది. పైపులైను పగిలిందని, మరమ్మతులు జరుగుతున్నాయని, ప్రజలు సహకరించాలని. ఇవాళ మా ఊరికున్న నమ్మకమైన వార్తాసంస్థ ఆ ఆటో ఒక్కటే. చెప్పేది మూడు ముక్కలే గానీ అందులో రెండు నిజాలు. వెనక అద్దం మీద సినిమా హీరో తప్ప దాని మీద ఎవరి ఫోటో ఉండదు.

చిన్న ఊళ్లలో పత్రికలు చచ్చిపోతున్నాయని పెద్దవాళ్లు సెమినార్లు పెట్టి కళ్లు తుడుచుకుంటున్నారు. సెల్‌ఫోను చంపేసిందని ఒకరు, న్యూస్‌ప్రింట్ ధర చంపేసిందని ఇంకొకరు, కరోనా చంపేసిందని మరొకరు. నేను ఒప్పుకోను. మా ఊరి పేజీ చావలేదు, నిక్షేపంగా ఉంది, వృత్తి మార్చుకుంది అంతే. ఇదివరకు వార్తలు వేసేది, ఇప్పుడు తలకాయలు వేస్తోంది.

ఈ జన్మదిన ప్రకటన అనే కళారూపాన్ని మన విశ్వవిద్యాలయాలు ఇంతవరకూ పట్టించుకోకపోవడం శోచనీయం. దీనికి ఆగమశాస్త్రానికి ఉన్నన్ని నియమాలున్నాయి. అన్నిటికంటే పైన, మబ్బుల్లో, గుండ్రటి ఫోటోల్లో పార్టీ అధినేత, పక్కనే ఆయన వారసులు. వాళ్ల కింద కాస్త చిన్న గుండ్రాల్లో ఎంపీ, ఎమ్మెల్యే. నడుమ మూలవిరాట్టు, అంటే పుట్టినాయన, నిలువెత్తున. తెల్ల చొక్కా, మణికట్టుకు నాలుగైదు దారాలు. ఆయన నడిచి వస్తూ ఉండాలి. ఎక్కణ్ణించి వస్తున్నాడో, ఎక్కడికి పోతున్నాడో అడగకూడదు. దండం పెడితే ఫోను పట్టుకోవడం కుదరదు, ఫోను పట్టుకుంటే దండం కుదరదు. ఈ ధర్మసంకటం తీరడానికి పుట్టినాయన్ని రెండుసార్లు వేస్తారు, ఒకాయన దండం పెడుతూ, ఇంకొకాయన ఫోన్లో మాట్లాడుతూ.

వెనక సింహం ఉంటుంది. ఎందుకుంటుందో ఎవరికీ తెలీదు. మా ఊరి చుట్టుపక్కల అడవి లేదు, జంతుప్రదర్శనశాల లేదు, పేపర్లో మాత్రం వారానికో సింహం కనపడుతుంది.

ఇక బిరుదులు. పేదల పెన్నిధి, అభివృద్ధి ప్రదాత, బడుగు బలహీన వర్గాల ఆశాజ్యోతి, స్నేహశీలి, మృదుస్వభావి. ఇవన్నీ ఒక్క మనిషికే. అసలు పదవి మాత్రం భూతద్దం పెడితే గానీ కనపడదు: మార్కెట్ యార్డు మాజీ డైరెక్టరు.

అందరికంటే అడుగున, 'శుభాకాంక్షలతో' అన్న మాట కింద, తపాలా బిళ్లంత ఫోటోలు వరసలు వరసలుగా ఉంటాయి. చదివేవాళ్లు చూడరు గానీ పత్రికకు అన్నం పెట్టేది ఆ బిళ్లలే. తలకాయకు ఇంత అని వసూలు.

ఈ తలకాయలు పేజీలోకి ఎక్కే ముహూర్తాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు కలిగింది. బంధువుల ఇంట్లో పెద్దకర్మ ఉంటే ప్రకటన ఇద్దామని పత్రికా కార్యాలయానికి వెళ్లాను. పేపరు పేరెందుకు లెండి, ఏదైనా ఒకటే. కార్యాలయం అనగానే గడగడలాడే అచ్చుయంత్రాలు ఊహించుకుంటే అది మీ ఖర్మ. బస్టాండు వెనక జిరాక్స్ షాపు, అందులో ఓ మూల డీటీపీ సెంటరు, దానిలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక దాంట్లో విలేకరి, రెండో దాంట్లో ఫోటోలు నిండిన ఫోనుతో పుట్టినాయన ముఖ్య అనుచరుడు. కంప్యూటర్ ముందు ఆపరేటర్ కుర్రాడు.

"అన్నా, మొత్తం 36 తలకాయలు. ఇంకో నాలుగు దార్లో ఉన్నాయి" అన్నాడు అనుచరుడు.

"నలభై పట్టవన్నా. పట్టాలంటే సింహాన్ని తీసెయ్యాలి" అన్నాడు కుర్రాడు.

అనుచరుడు దీర్ఘంగా ఆలోచించాడు. "సింహం ఉండి తీరాలి తమ్ముడూ. మొన్న అవతలి వర్గం వాళ్లు పులిని వేశారు."

సింహాన్ని జరిపారు. తోక పోయింది.

తర్వాత అసలు గొడవ మొదలైంది. మొదటి వరసలో ఎడమచేతి వైపు మొదటి బిళ్ల ఎవరిది? మాజీ ఉపసర్పంచ్‌దా, వైన్ షాపు ఆయనదా? ఒకరిది గతించిన పదవి, ఇంకొకరిది చేతిలో ఉన్న డబ్బు. ఇద్దరికీ ఫోన్లు చేశారు. స్పీకర్ ఆన్‌లో ఉంది కాబట్టి జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు కూడా విన్నారు. "నేనిచ్చిందెంత, వాడిచ్చిందెంత? వాడి తలకాయ కింద నా తలకాయా?" అని వైన్ షాపు ఆయన. "ఆయన షాపు లైసెన్సుకి సంతకం పెట్టించింది ఎవరో అడుగు" అని ఉపసర్పంచ్. ఈ రెండో మాట మామూలు కాలంలో అయితే వార్త. విలేకరి విన్నాడు. తల ఊపాడు. పెన్ను జేబులోంచి తీయలేదు.

ఆపరేటర్ కుర్రాడు ఇలాంటి తగవులు చాలా తీర్చినవాడిలా ఉన్నాడు. "గుండ్రంగా వేసేద్దాం అన్నా, ముందూ వెనకా ఉండదు" అన్నాడు. బావుందనుకున్నారు. గుండ్రానికి నెత్తిన ఎవరుండాలన్న ప్రశ్న రావడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఈలోగా ఒక తలకాయ ఆధార్ కార్డులోంచి వచ్చింది. ఆ మనిషిని ఎవరూ గుర్తుపట్టలేదు, ఆయన తమ్ముడు కూడా. ఇంకో తలకాయ డబ్బులు పంపలేదని తేలి తీసేశారు, ఫోన్‌పే మోగగానే మళ్లీ పెట్టారు. వార్డు ఉపాధ్యక్షుడి దగ్గర మాత్రం విడిగా దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్లిలో గుంపుగా దిగిన ఫోటో పంపాడు. చుట్టూ ఉన్నవాళ్లందరినీ కోసేశాక ఆయన భుజం మీద ఒక ఆడచెయ్యి మిగిలింది. నిండా ఎర్ర గాజులు.

"చెయ్యి తీసెయ్ తమ్ముడూ."

"చెయ్యి తీస్తే భుజం పోద్దన్నా."

"పోతే పోనీ. డబ్బులు తలకాయకే కదా."

భుజం తీసి చూశారు. తల గాల్లో వేలాడుతూ శ్రద్ధాంజలి ప్రకటనలా కనపడింది. మళ్లీ భుజం పెట్టారు, దాంతో చెయ్యీ వచ్చింది. అప్పుడే పేపరు అచ్చయ్యే ఎడిషన్ సెంటర్ నుంచి ఫోను, ఇంకా పేజీ ఎందుకు పంపలేదని తిట్లు. చెయ్యి అలాగే వెళ్లిపోయింది.

ఈ హడావిడిలో ఒక పెద్దావిడ అర్జీ కాయితం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పింఛను ఆగిపోయిందట, వేలిముద్ర పడటం లేదట, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఎవరో చెబితే ఇక్కడికి వచ్చింది. "బాబూ, ఇది పేపర్లో వేస్తే కదులుద్దంట" అంది. విలేకరి కుర్చీలోంచి లేచి, మర్యాదగానే, "ఇవాళ పేజీ ఫుల్లయిపోయిందమ్మా, రేపు రండి" అన్నాడు. అబద్ధం కాదు. కళ్లముందే నిండింది.

తర్వాత నా వంతు. పెద్దకర్మ వివరాలు రాసుకుని, రేటు చెప్పి, "సార్, 'అశ్రునయనాలతో' కింద ఎన్ని తలకాయలు?" అని అడిగాడు.

పొద్దున్నే పేపరు వచ్చింది. ఊళ్లో ఆ పేజీని అంత శ్రద్ధగా చదవడం ఈ మధ్యకాలంలో నేను చూడలేదు. పుట్టినాయన్ని ఎవరూ పట్టించుకోలేదు, సింహాన్ని అసలే పట్టించుకోలేదు. అందరూ ఆ చేతినే చూశారు. వార్డు ఉపాధ్యక్షుడి భార్య పేపరు చేతపట్టుకుని "ఈ గాజులు నావి కావు" అందట. మధ్యాహ్నానికి ఆయన డీటీపీ సెంటర్లో ఉన్నాడు. ఆ మర్నాడు అదే పేజీలో సవరణ పడింది: "నిన్నటి శుభాకాంక్షల ప్రకటనలో ఉపాధ్యక్షుల వారి భుజంపై కనిపించిన చేయి ఆయన సోదరిదిగా పాఠకులు గమనించగలరు." మా ఊరి సంగతుల్లో ఆ పేపరు ఒక తప్పు దిద్దుకోవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

పాతకాలం వాళ్లకు ఈ వ్యాపారం తెలీదు పాపం. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రిలో 'వివేకవర్ధిని' పెట్టాడు. పెట్టినవాడు ఊళ్లో అధికారుల పుట్టినరోజులు ఎప్పుడెప్పుడో కనుక్కోవాలా వద్దా? వాళ్ల లంచాలు కనుక్కుని అచ్చువేశాడు. 1902లో బందరులో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు 'కృష్ణాపత్రిక' మొదలుపెడితే, ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకుడు. అన్నేళ్లు కుర్చీలో ఉండి ఆయన ఒక్క వార్డు నాయకుణ్ణి కూడా తయారుచేయలేకపోయాడు. 1922లో నల్గొండ నుంచి 'నీలగిరి' వచ్చింది, అదే ఏడాది ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెటూరి నుంచి 'తెనుగు' తెచ్చారు. నిజాం రాజ్యం, తెలుగుకు దిక్కులేని రోజులు, పైగా పల్లెటూరు. ఇవాళ లక్ష మంది ఉన్న ఊళ్లో పేజీ నడపడం గిట్టుబాటు కాదని చెప్పే సర్క్యులేషన్ మేనేజర్లు అప్పుడు లేరు కాబట్టి సరిపోయింది.

1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును తెల్లదొరలు జైల్లో పెట్టారు. చిన్న ఊళ్లో సంపాదకీయం రాసి జైలుకు పోయే ప్రమాదం ఇవాళ ఎవరికీ లేదు. రాస్తే కదా.

అంత వెనక్కి కూడా వెళ్లక్కర్లేదు. 'ఈనాడు' 1974 ఆగస్టు 10న హైదరాబాదులోనో మద్రాసులోనో కాదు, విశాఖపట్నంలో మొదలైంది. తెల్లారేసరికి ఇంటికి పేపరు వస్తుందన్నదే అప్పట్లో ఆ ఊరికి వింత. 1989లో జిల్లాకో చిన్న పేపరు మొదలుపెట్టారు. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. మెయిన్ పేపర్లో ప్రధానమంత్రి, మినీలో మన వీధి. చాలా ఇళ్లలో మినీ కోసమే కొట్టుకునేవాళ్లం. రేపు ఏ ఫీడరు మీద కరెంటు తీస్తారు, ఏ బస్సు రద్దయింది, ఏ డాక్టరు ఆసుపత్రికి రాకుండా సొంత క్లినిక్‌లో కూర్చున్నాడు, అన్నీ అందులో ఉండేవి. డాక్టరు ఆ మర్నాడు ఆసుపత్రికి వచ్చేవాడు. ఎంతకాలం వచ్చేవాడన్నది వేరే సంగతి, వచ్చేవాడు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ కబురు పక్క ఊరికి, పక్క మండలానికి, పక్క జిల్లాకు పాకింది. టీవీలు ఇన్ని లేవు, సెల్‌ఫోన్లు లేవు. జిల్లా పేజీలు మోశాయి దాన్ని. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఆ నిషేధం తర్వాత ఏమైందో మనకు తెలుసు, అది నాయకుల సంగతి. నా బాధల్లా సారా కాంట్రాక్టర్ల గురించి. అంత డబ్బున్నవాళ్లు, పుట్టినరోజుకు ఒక్కొక్కడూ ఓ పేజీ కొనేసుకుని ఉంటే దూబగుంట వార్తకు జాగా ఎక్కడుండేది? తెలివితక్కువతనం కాకపోతే.

ఇప్పుడు పాలన ప్రజల దగ్గరకు వచ్చింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రలో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. కొత్త కలెక్టర్లు, కొత్త ఎస్పీలు, కొత్త బోర్డులు. ఇన్ని జిల్లాలకు ఎన్ని జిల్లా పేపర్లు ఉండాలి? 2020లో కరోనా రాగానే ఆ మినీలను, అంటే జిల్లా టాబ్లాయిడ్లను, మెయిన్ పేపర్లో రెండు మూడు పేజీలుగా కుదించేశారు. కరోనా పోయింది. బళ్లు తెరిచారు, బస్సులు తిరిగాయి, పెళ్లి భోజనాలు మునుపటికంటే ఘనంగా జరుగుతున్నాయి. టాబ్లాయిడ్లు మాత్రం ఇంకా క్వారంటైన్‌లోనే ఉన్నాయి. జిల్లాలు పెరిగేకొద్దీ జిల్లా పేజీ చిక్కిపోవడం అనే ఈ వింతను పాలనా సంస్కరణగా ఎందుకు ప్రకటించలేదో తెలీదు.

పేపరు వేసే కుర్రాళ్లు దొరకడం లేదని మా ఏజెంటు గోల. తెల్లారుజామున నాలుగింటికి లేచి సైకిలు తొక్కేకంటే రాత్రి పదకొండుకు బిర్యానీ పొట్లాలు మోస్తే నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయి. బిర్యానీ తెచ్చినవాడిని ఇంటివాళ్లు ఎదురెళ్లి అందుకుంటారు, పేపరు బిల్లుకు వెళ్తే "సార్ ఊళ్లో లేరు" అంటారు.

మరి ఎవరూ చదవని పేపర్లో తలకాయ వేయించుకోవడానికి డబ్బులెందుకు కడుతున్నారని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. విలేకరి చెప్పాడు. ఆ ప్రకటన ఊళ్లో వాళ్ల కోసం కాదట. తెల్లారకముందే ఈ-పేపర్ నుంచి క్లిప్పింగ్ తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు, ఎమ్మెల్యే పీఏకు పంపుతారు. అది ఎమ్మెల్యే చూస్తే చాలు. అంటే మా ఊరి పేజీకి ఇవాళ ఒకే ఒక్క పాఠకుడు. అయితే ఊరికే డిజైన్ పంపితే కుదరదా అంటే కుదరదట, "పేపర్లో రాలేదా?" అని అడుగుతారట. పేపర్లో రావాలి! ఆ మాటకు ఇంకా అంత పరువుంది. ఆ పరువు సంపాదించి పెట్టినవాళ్లు వేరు, దాన్ని తలకాయ చొప్పున చిల్లరగా అమ్ముకుంటున్నవాళ్లు వేరు.

ఇక్కడ మా కాలనీ వాట్సాప్ మేధావులు గొంతు సవరించుకుంటారు. "విలేకరులంతా అమ్ముడుపోయారండీ." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అమ్ముడుపోవడానికి ముందు వాడికి ఎవరన్నా జీతం ఇవ్వాలి కదా! ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికి జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి, లైన్ అకౌంట్ అని పేరు పెట్టి నెలకు నాలుగు రూపాయలు విదిలిస్తారు, పెట్రోలుకు చాలవు. చాలా పత్రికల్లో అదీ లేదు. ఉన్నదల్లా ప్రకటనల టార్గెట్. జనవరి 1కి ఇంత, సంక్రాంతికి ఇంత, ఉగాదికి ఇంత, ఆగస్టు 15కి ఇంత, పత్రిక వార్షికోత్సవానికి ఇంత. తేలేకపోతే ప్రెస్ కార్డు వెనక్కి ఇచ్చెయ్యమంటారు. ప్రకటన వేయించుకున్న పెద్దమనిషి డబ్బులెగ్గొడితే విలేకరే అప్పు చేసి కట్టాలి. పొద్దున రేషన్ డీలర్ బియ్యం ఎక్కడికి పోతున్నాయో రాయాలి, సాయంత్రం అదే డీలర్ గడప తొక్కి 'సార్, ఒక క్వార్టర్ పేజీ' అని అడగాలి. ఏ మనిషి రాస్తాడు? మీరు రాస్తారా? కోట్లు పెట్టి యంత్రాలు కొన్నారు, టీవీలు పెట్టారు, యాప్‌లు పెట్టారు, ఊళ్లో తిరిగి వార్త తెచ్చేవాడికి ఒక్క నెల జీతం ఇవ్వడానికి చేతులు రాలేదు. రాష్ట్రానికి నీతులు చెప్పే యాజమాన్యాలు ఇవి! సిగ్గుండాలి.

రాసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. రేషన్ కిరోసిన్ పక్కదారి పడుతోందని రాసిన విలేకరిని 2014లో చిలకలూరిపేటలో కొట్టి చంపేశారు. 2019లో తుని దగ్గర ఇంకో విలేకరిని నరికేశారు. వీళ్లెవరూ స్టూడియోల్లో కోట్లు వేసుకుని అరిచేవాళ్లు కారు. చిన్న ఊళ్లలో, అందరికీ ఇల్లెక్కడో తెలిసిన మనుషులు. హైదరాబాదు నుంచి ఒక మంత్రిని తిట్టడం వేరు, నాలుగిళ్ల అవతల ఉన్న కాంట్రాక్టర్ గురించి రాసి రాత్రి అదే సందులోంచి బండి మీద ఇంటికి రావడం వేరు. వాళ్లను చంపితే ఊళ్లో ఒక గొంతు పోతుందని చంపినవాళ్లకు తెలుసు. మనకే తెలీలేదు. మనం క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాం.

మా మున్సిపల్ కౌన్సిల్ సమావేశానికి ప్రెస్ వాళ్లకు వేసిన కుర్చీలు ఇప్పటికీ నిండుగానే ఉంటాయి. బయట బైకుల మీద 'ప్రెస్' స్టిక్కర్లు లెక్కపెడితే ఊళ్లో పేపరు కొనేవాళ్ల కంటే ఎక్కువే తేలతాయేమో. ఫోటో తీసుకుంటారు, ప్రెస్ నోట్ తీసుకుంటారు, టీ తాగి వెళ్లిపోతారు. అజెండా కాయితాలు కుర్చీల మీదే ఉంటాయి. చివర్లో టేబుల్ అజెండా అని అప్పటికప్పుడు నాలుగు అంశాలు తెస్తారు, ఏదో పని అంచనా పెంచాలని, ఏదో లీజు పొడిగించాలని. చదివేవాడు ఉండడు, అడిగేవాడు ఉండడు. రెండు నిమిషాల్లో బల్లలు చరుస్తారు. నీళ్ల పైపు పదే పదే ఎందుకు పగులుతుందో ఆ కాయితాల్లో ఉంటుంది, ఎవడన్నా తీసి చదివితే.

చిన్న పత్రికల సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. కొన్ని రికార్డుకు చూపించే ఫైల్ కాపీ కోసమే అచ్చవుతాయి, కొన్ని పీడీఎఫ్‌గా పుట్టి పీడీఎఫ్‌గానే పోతాయి. వాటికీ ఒక ప్రయోజనం ఉంది. వేలం నోటీసో, ఆస్తి తగాదా నోటీసో పత్రికలో వేయాలని రూలు ఉంటే, అవతలివాడి కంట పడకుండా వేయడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు. చదివేవాళ్లు లేకపోవడాన్నే సరుకుగా అమ్మిన ఘనత ప్రపంచంలో ఇంకెవరికీ దక్కి ఉండదు.

ఇన్ని చూశాక నాకొక ఆలోచన వచ్చింది. ఆ పేజీలోకి వార్త దూరదు, పుట్టినరోజు దూరుతుంది. అయితే సమస్యలకే పుట్టినరోజు చేస్తే? మా వీధి చివర మురుగుకాలువ తవ్వి వదిలేసి ఏడాది కావస్తోంది. ఇరుగుపొరుగు తలా కాస్త వేసుకున్నారు. నేనే మ్యాటర్ రాశాను: "స్నేహశీలి, మృదుస్వభావి, దోమల పెన్నిధి, వానొస్తే బడుగు బలహీన వర్గాల ఇళ్లలోకి స్వయంగా విచ్చేసే ప్రజాబంధు, మా వీధి మురుగుకాలువ గారికి ప్రథమ జన్మదిన శుభాకాంక్షలు."

విలేకరి చదివి పగలబడి నవ్వాడు. తర్వాత మొహం మారిపోయింది. "సార్, సెంటర్లో ఒప్పుకోరు. కాంట్రవర్సీ అంటారు."

"డబ్బులిస్తున్నాం కదయ్యా."

"డబ్బులు కాదు సార్. పైన ఎవరిదో ఒక తలకాయ ఉండాలి. తలకాయ లేని యాడ్ వెళ్లదు." కాసేపు గోళ్లు కొరుక్కుని ఉపాయం చెప్పాడు. "పోనీ పైన కౌన్సిలర్ గారి ఫోటో పెడదాం. ఆయన ఫోటో చూస్తే సెంటర్లో మ్యాటర్ చదవరు."

పెట్టమన్నాను. సాయంత్రానికి కౌన్సిలర్ దగ్గర్నుంచి ఫోన్. ఎవరో చెప్పేశారన్నమాట. టెన్షన్‌తోనే ఎత్తాను.

"నమస్కారం మాష్టారూ. మా మీద అభిమానంతో మీ వీధివాళ్లు ఏదో యాడ్ వేయిస్తున్నారంట, చాలా సంతోషం. చిన్న రిక్వెస్టు. నా ఫోటో ఎమ్మెల్యే గారి ఫోటో కంటే కొంచెం చిన్నగా ఉండేట్టు చూడండి, లేకపోతే నాకు మాటొస్తుంది. వెనకాల సింహం మాత్రం మర్చిపోకండి."

సింహం ఖర్చు తనే పెట్టుకుంటానన్నాడు.